ఊరి పక్క పొలంలో జిప్సీ సైట్‌కి అప్లికేషన్ పడితే కౌన్సిల్ ఎలా డిసైడ్ చేస్తుంది, అబ్జెక్షన్ రాయాలా వద్దా

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ: ఇంగ్లండ్‌లో గ్రీన్ బెల్ట్‌లో (పట్టణాల చుట్టూ కట్టడాలు పెరగకుండా కాపాడే భూమి) ఉన్న ఒక చిన్న ఊళ్ళో ఇల్లు కొన్నారు, ఊరి చివర గుర్రాలు మేసే పొలంలో 6 పిచ్‌ల (పిచ్ అంటే ఒక కుటుంబం కారవాన్లు, అంటే చక్రాల ఇళ్ళు, పెట్టుకుని ఉండే చోటు) జిప్సీ సైట్‌కి ప్లానింగ్ అప్లికేషన్ పడింది, ఊరి వాట్సాప్ గ్రూపులో రెడీమేడ్ అబ్జెక్షన్ లెటర్ ఒకటి తిరుగుతోంది, పేరు పెట్టి పంపాలా వద్దా, పంపకపోతే ఇరుగుపొరుగు ఏమనుకుంటారు, పంపితే పనిచేస్తుందా, ఇంటి రేటు పడిపోతుందా. నేను ఇక్కడ కౌన్సిల్‌లో ప్లానింగ్ ఆఫీసర్‌గా చాలా ఏళ్ళు చేసి ఇప్పుడు బయట కన్సల్టెంట్‌గా ఉన్నాను, ఈ కేసుల్ని కౌన్సిల్ వైపు నుంచీ చూశాను, అప్లికెంట్ల వైపు నుంచీ చూశాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక మాట. ఆ లెటర్ పంపకండి. మీరు అబ్జెక్ట్ చేయకూడదని కాదు, అది మీ హక్కు, ఎవరూ కాదనరు. కానీ మీరు ఇక్కడ పేస్ట్ చేసిన ఆ లెటర్‌లో ఉన్నవి మూడే పాయింట్లు, ఇళ్ళ రేట్లు పడిపోతాయి, దొంగతనాలు పెరుగుతాయి, వీళ్ళు టాక్స్ కట్టరు. ఇందులో ఒక్కటి కూడా ప్లానింగ్‌లో లెక్కలోకి రాదు. ఇంటి రేటు అనేది ప్రైవేట్ ఇంట్రెస్ట్, పక్కన ఫ్లాట్లు కట్టినా వేర్‌హౌస్ కట్టినా అదే రూల్, దానికి వెయిట్ ఇవ్వరు. టాక్స్ మాట పూర్తిగా అబద్ధం, పర్మిషన్ ఉన్న పిచ్‌లకి కౌన్సిల్ టాక్స్ ఉంటుంది. ఇక దొంగతనాల భయం, దీని మీద కోర్టు చెప్పేసింది, 2005లో స్మిత్ కేసులో కోర్ట్ ఆఫ్ అప్పీల్ ఏమందంటే భయం అనేది లెక్కలోకి రావాలంటే దానికి ఆధారం ఉండాలి, ఆ స్థలం వాడకం వల్ల పుట్టిన భయం అయ్యుండాలి, రాబోయేవాళ్ళు జిప్సీలు కాబట్టి నేరాలు జరుగుతాయి అని ఊహించుకోడానికి వీల్లేదు అని. రొమానీ జిప్సీలూ ఐరిష్ ట్రావెలర్లూ చట్టం దృష్టిలో జాతి సమూహాలు, ఈక్వాలిటీ యాక్ట్ 2010 వాళ్ళకి వర్తిస్తుంది. వాళ్ళ గురించి రేసిస్ట్‌గా రాసిన కామెంట్‌ని కౌన్సిల్ వెబ్‌సైట్‌లో పెట్టదు, పక్కన పడేస్తుంది, మరీ ఘోరంగా ఉంటే పోలీసులకి పంపిన సందర్భాలు కూడా ఉన్నాయి. మిగతా కామెంట్లు మీ పేరుతో సహా పబ్లిక్‌గా కనిపిస్తాయి. రేపు మీ పిల్లలూ ఆ సైట్ పిల్లలూ ఒకే ప్రైమరీ స్కూల్‌కి వెళ్ళొచ్చు, అది మనసులో పెట్టుకుని రాయండి.

ఇప్పుడు అసలు విషయం, ఇలాంటి కేసు దేని మీద తేలుతుంది. ఊళ్ళో ఎన్ని లెటర్లు వచ్చాయి అన్నదాని మీద అస్సలు కాదు, 400 లెటర్లు వచ్చినా అందరిదీ ఒకటే పాయింట్ అయితే ఆఫీసర్ రిపోర్టులో అది ఒక్క లైను. తేలేది ఎక్కువగా ఒక్కదాని మీదే, మీ కౌన్సిల్ దగ్గర ఈ కుటుంబాలు ఉండడానికి పర్మిషన్ ఉన్న వేరే చోటు ఉందా లేదా. లేకపోతే, కమిటీ ఎంత గట్టిగా రిజెక్ట్ చేసినా అప్పీల్‌లో నిలబడడం కష్టం. నా అనుభవంలో ఊళ్ళవాళ్ళకి ఎవరూ చెప్పనిది ఇదే, కౌన్సిలర్లు కూడా చెప్పరు, ఎందుకంటే చెప్తే తర్వాతి ప్రశ్న "మరి మీరు చోటు ఎందుకు చూపించలేదు" అని వాళ్ళకే తగులుతుంది.

దీనికి చరిత్ర కొంచెం తెలియాలి. 1960 కారవాన్ సైట్ల చట్టంతో, తరతరాలుగా జిప్సీలు దిగే ఊరుమ్మడి బీళ్ళలో కారవాన్లు ఆపకుండా కౌన్సిళ్ళు మూసేయొచ్చు అయింది, చాలామంది మూసేశారు. వీళ్ళకి దిగే చోటు లేకుండా పోయింది. అప్పుడు ఎరిక్ లబ్బక్ అనే లిబరల్ ఎంపీ తెచ్చిన బిల్లు 1968 కారవాన్ సైట్స్ యాక్ట్ అయింది, 1970 నుంచి కౌన్సిళ్ళు సైట్లు కట్టి తీరాలి. ఇష్టం ఉన్నా లేకపోయినా 300 పైన సైట్లు అలా వచ్చాయి, చాలావరకు హైవే పక్కన, చెత్త డంపుల పక్కన, మురుగు ప్లాంట్ల పక్కన, అది వేరే బాధ. 1994లో క్రిమినల్ జస్టిస్ చట్టంతో ఆ బాధ్యతని తీసేశారు. ప్రభుత్వం ఏమందంటే, మీ స్థలం మీరే కొనుక్కోండి, అందరిలాగే ప్లానింగ్‌కి అప్లై చేసుకోండి అంది. వాళ్ళు అదే చేశారు. కొనుక్కోగలిగిన స్థలం ఎక్కడ దొరుకుతుంది? ఇళ్ళకి పర్మిషన్ వచ్చే స్థలం బిల్డర్ల రేటు, వాళ్ళు కొనలేరు, దొరికేది ఊరి బయట గుర్రాల పొలం. సరిగ్గా అక్కడే పర్మిషన్ ఇవ్వకూడదని పాలసీ. మీ ఊరి కేసు కూడా అదేనండి.

ఇప్పుడు ఇంగ్లండ్‌లో నడుస్తున్న పాలసీ పేరు ప్లానింగ్ పాలసీ ఫర్ ట్రావెలర్ సైట్స్, మా వాళ్ళందరం పీపీటీఎస్ అంటాం, 2012లో వచ్చింది, 2015లో, 2023లో, 2024 డిసెంబర్‌లో మార్చారు. దాని ప్రకారం కౌన్సిల్ తన ఏరియాలో ఎన్ని పిచ్‌లు కావాలో సర్వే చేయించాలి, దాన్నే జీటీఏఏ అంటారు, తర్వాత లోకల్ ప్లాన్‌లో, అంటే ఏ స్థలం దేనికో కౌన్సిల్ ముందే రాసిపెట్టే డాక్యుమెంట్‌లో, స్థలాలు కేటాయించాలి, ఎప్పుడూ 5 ఏళ్ళకి సరిపడా పిచ్‌లు చేతిలో ఉన్నట్టు చూపించాలి. చూపించలేని కౌన్సిళ్ళు చాలా ఉన్నాయి. ఎందుకంటే లోకల్ ప్లాన్‌లో ఫలానా పొలం జిప్సీ సైట్‌కి అని పెడితే ఆ వార్డు కౌన్సిలర్ సీటు పోతుంది, అందుకని ప్రతిసారీ దీన్ని తర్వాత చూద్దాం, వేరే డాక్యుమెంట్‌లో పెడదాం అని తోసేస్తారు, ఏళ్ళు గడిచిపోతాయి, ఈలోపు పిల్లలు పెద్దవాళ్ళై పెళ్ళిళ్ళై వాళ్ళకీ పిచ్‌లు కావాల్సి వస్తుంది.

2015లో ఇంకో దెబ్బ పడింది. వయసైపోయో, జబ్బుచేసో తిరగడం పూర్తిగా మానేసినవాళ్ళు ప్లానింగ్ దృష్టిలో ట్రావెలర్లు కారు అని డెఫినిషన్ మార్చారు. దాంతో సర్వేల్లో సంఖ్యలు ఒక్కసారిగా పడిపోయాయి, మాకు పెద్దగా నీడ్ లేదు అని కౌన్సిళ్ళు కాగితం మీద చూపించుకున్నాయి, మనుషులు మాత్రం అక్కడే ఉన్నారు. 2022 అక్టోబర్‌లో లిసా స్మిత్ కేసులో (పైన చెప్పిన స్మిత్ కాదు) ఇది వివక్షే అని కోర్ట్ ఆఫ్ అప్పీల్ తేల్చింది, 2023 డిసెంబర్‌లో ఆ మార్పు వెనక్కి తీసుకున్నారు, 2024లో ఇంకా విశాలం చేసి, కారవాన్‌లో బతకడం సంప్రదాయంగా ఉన్నవాళ్ళందరినీ కలిపారు. కాబట్టి మీరు మొట్టమొదట చేయాల్సింది కౌన్సిల్ వెబ్‌సైట్‌లో జీటీఏఏ తెరిచి డేట్ చూడడం. 2015కీ 2023కీ మధ్యలోదైతే పాత డెఫినిషన్‌తో తీసిన అంకె ఒకటి, మిగతావాళ్ళవి ఇంకో అంకె వేరేగా ఉంటాయి, ఇప్పుడు వాటిని కలిపి చూడాలి. కలిపితే 5 ఏళ్ళ సప్లై ఉందన్న కౌన్సిల్ మాట చాలాసార్లు నిలబడదు.

గ్రీన్ బెల్ట్ కాబట్టి రాదులే అని మీ గ్రూపులో ఎవరో రాశారన్నారు. ఆ మాట 2024 దాకా చాలావరకు నిజం. గ్రీన్ బెల్ట్‌లో ట్రావెలర్ సైట్ తగని అభివృద్ధి, వెరీ స్పెషల్ సర్కమ్‌స్టాన్సెస్, అంటే చాలా ప్రత్యేకమైన పరిస్థితులు, ఉంటేనే ఇవ్వాలి, సొంత ఇబ్బందులూ సైట్ల కొరతా రెండూ కలిపినా మామూలుగా ఆ స్థాయికి చాలవు, పిల్లల మేలు ఒక్కటి మినహాయింపు, ఇలా ఉండేది. 2024 డిసెంబర్‌లో జాతీయ పాలసీలోకి గ్రే బెల్ట్ అని కొత్తది వచ్చింది. గ్రీన్ బెల్ట్‌లో ఉన్నా సరే, పెద్ద పట్టణాలు అడ్డదిడ్డంగా విస్తరించకుండా ఆపడానికో, ఒక టౌన్ ఇంకో టౌన్‌తో కలిసిపోకుండా ఉండడానికో, చారిత్రక పట్టణం పరిసరాలు కాపాడడానికో ఆ స్థలం గట్టిగా ఉపయోగపడకపోతే అది గ్రే బెల్ట్. ఇక్కడ టౌన్లు, పెద్ద పట్టణాలు అన్న మాట గమనించండి, ఊళ్ళు ఆ లెక్కలోకి రావని గైడెన్స్‌లో రాశారు. అంటే మీలాంటి చిన్న ఊరి అంచున ఉన్న పొలం గ్రే బెల్ట్ కింద పడే అవకాశం బాగానే ఉంది. పడిందనుకోండి, 5 ఏళ్ళ పిచ్‌ల సప్లై లేదనుకోండి, లొకేషన్ కూడా మరీ ఎక్కడో మూలకి కాకుండా ఉందనుకోండి, అప్పుడది అసలు తగని అభివృద్ధే కాదు, వెరీ స్పెషల్ సర్కమ్‌స్టాన్సెస్ అక్కర్లేదు. కిందటి అప్లికేషన్ అదే పొలంలో గ్రీన్ బెల్ట్ కారణంతో రిజెక్ట్ అయిందని మీవాళ్ళు ధీమాగా ఉంటే, అది పాత రూల్ కింద అయిన రిజెక్షన్ అని చెప్పండి.

పిల్లల సంగతి చెప్పాలి. సైట్‌లో ఎవరు ఉండబోతున్నారు, పిల్లలెంతమంది, ఏ స్కూలు, ఎవరికైనా కాన్సర్ ట్రీట్‌మెంట్ నడుస్తోందా, ఇవన్నీ ఆఫీసర్ చూడాల్సిందే, పిల్లల మేలు కంటే ముందుగానే ఎక్కువ వెయిట్ ఉన్నది ఇంకోటి లేదు అన్న సూత్రంతో మొదలుపెట్టాలి, అయినా మిగతావన్నీ కలిసి దాన్ని మించొచ్చు. ఈ వివరాలు చాలావరకు పబ్లిక్‌గా పెట్టరు, ప్రైవేట్ కాబట్టి. అందుకే ఆఫీసర్ రిపోర్ట్ చదివిన ఊరివాళ్ళకి "ఇదేంటి, ఏమీ లేకుండా రికమెండ్ చేశాడు" అనిపిస్తుంది, ఒక ఆఫీసర్ మీద అమ్ముడుపోయాడని పుకారు పుట్టడం కూడా నేను చూశాను, అది చాలా అన్యాయం. రోడ్డు పక్కన ఉండే పిల్లాడు ఏ స్కూల్లోనూ ఒక టర్మ్ నిండా ఉండలేడండి, డాక్టర్ దగ్గర పేరు ఎక్కించాలంటేనే తల్లి యుద్ధం చేయాలి. ఒక పిచ్ అంటే ఏముంటుంది, కంకర పరిచిన చోటు, ఒక స్టాటిక్ కారవాన్ (కదలకుండా ఒకేచోట ఉండేది), ఒక టూరర్ (బండికి తగిలించి లాక్కెళ్ళే కారవాన్), వంటకీ స్నానానికీ చిన్న డే రూమ్, రెండు బళ్ళకి పార్కింగ్. దాంతో ఆ పిల్లాడికి అడ్రస్ వస్తుంది.

మానవ హక్కుల సంగతి కూడా ఎవరో అడిగారు. చాప్‌మన్ కేసులో 2001లో యూరోపియన్ కోర్టు, జిప్సీల జీవన విధానానికి వీలు కల్పించాల్సిన బాధ్యత ప్రభుత్వానికి ఉంది అని చెబుతూనే, ఆ కేసులో మాత్రం 10 మంది జడ్జిలు ఆవిడకి వ్యతిరేకంగా, 7 మంది అనుకూలంగా తీర్పిచ్చారు. అంటే హక్కుల మాట ఎత్తగానే పర్మిషన్ వచ్చేయదు, కౌన్సిల్ దాన్ని తూకంలో పెట్టి తీరాలి, అంతే.

ఇంకా అప్లికేషన్ దశలోనే ఉంది, ఎవరూ దిగలేదు అన్నారు కదా, అదొక మంచి విషయం. చాలా గొడవలు బ్యాంక్ హాలిడే వీకెండ్ దగ్గర మొదలవుతాయి, శుక్రవారం సాయంత్రం కౌన్సిల్ ఆఫీసు మూసేశాక లారీల్లో కంకర దిగుతుంది, సోమవారానికి కారవాన్లు ఉంటాయి, మంగళవారం రెట్రాస్పెక్టివ్ అప్లికేషన్, అంటే పని అయిపోయాక పర్మిషన్ అడిగేది, పడుతుంది. ఊరివాళ్ళకి కోపం రావడం నాకు అర్థమవుతుంది. 2015 నుంచి, కావాలని పర్మిషన్ లేకుండా చేస్తే అది అప్లికేషన్‌కి వ్యతిరేకంగా లెక్కలోకి వస్తుంది, కౌన్సిల్ పని వెంటనే ఆపమని టెంపరరీ స్టాప్ నోటీస్ ఇవ్వొచ్చు, కోర్టులో ఇంజంక్షన్ అడగొచ్చు. కానీ ఇంజంక్షన్ అడిగితే జడ్జి కూడా అదే ప్రశ్న వేస్తారు, వీళ్ళని లేపితే ఎక్కడికి వెళ్తారు అని. 2003లో సౌత్ బక్స్ వర్సెస్ పోర్టర్ కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ చెప్పింది అదే, కౌన్సిల్ అడిగింది కదా అని జడ్జి ముద్ర వేయడానికి లేదు, కష్టనష్టాలు తనే తూచాలి. ఎసెక్స్‌లో బాసిల్డన్ దగ్గర డేల్ ఫార్మ్ గుర్తుంది కదా, పక్కన పర్మిషన్ ఉన్న సైట్, ఇటు గ్రీన్ బెల్ట్‌లో పాత తుక్కు యార్డులో పర్మిషన్ లేని పిచ్‌లు, పదేళ్ళు కేసులు నడిచి 2011 అక్టోబర్‌లో రయట్ పోలీసులతో దాదాపు 80 కుటుంబాలని ఖాళీ చేయించారు, కౌన్సిల్‌కీ పోలీసులకీ కలిపి సుమారు 70 లక్షల పౌండ్లు ఖర్చు. తర్వాత చాలామంది ఎక్కడికి వెళ్ళారనుకున్నారు? పక్క దారి మీదే, కరెంటూ డ్రైనేజీ లేకుండా, ఏళ్ళ తరబడి. ఆ డబ్బుతో ఎన్ని పిచ్‌లు వచ్చేవో అని ఇప్పటికీ అనిపిస్తుంది నాకు.

ఇప్పుడు మీరు రాయదలుచుకుంటే ఏం రాయాలి. ఆ స్థలం గురించి రాయండి, మీకు తెలిసిన, మ్యాపులో కనిపించని సంగతులు. ఫ్లడ్ జోన్ చెక్ చేయండి, ఇది చాలామంది వదిలేస్తారు, శాశ్వతంగా ఉండే కారవాన్లని వరద విషయంలో అత్యంత ప్రమాదకర కేటగిరీలో పెట్టారు, ఫ్లడ్ జోన్ 3లో అయితే ఇవ్వనే కూడదు. వానాకాలం ఆ పొలంలో నీళ్ళు నిలబడుతుంటే ఫోటో, డేట్‌తో పెట్టండి, అది 100 టెంప్లేట్ లెటర్ల కంటే బలం. గేటు దగ్గర రోడ్డు వంపు ఉంటే, టూరర్ లాక్కొచ్చే బండి బయటికి వచ్చేటప్పుడు రెండు వైపులా కనిపిస్తుందా లేదా రాయండి, ఊరికే ట్రాఫిక్ పెరుగుతుంది అంటే 6 కుటుంబాల ట్రాఫిక్ ఏమంత కాదని హైవేస్ వాళ్ళు కొట్టేస్తారు. మురుగు ఎటు పోతుంది, వాగులోకా, ట్రీట్‌మెంట్ ప్లాంట్ చూపించారా చూడండి. సైజు ముఖ్యం, పాలసీలో సైట్ దగ్గర్లోని ఊరిని మింగేసేలా ఉండకూడదని ఉంది, 300 ఇళ్ళ ఊరికి 6 పిచ్‌లు మింగేయడం అనిపించుకోదు, 12 ఇళ్ళ పల్లెకి 40 పిచ్‌లైతే మాట వేరు. వాళ్ళకి లోకల్ కనెక్షన్ లేదు, వేరే జిల్లా వాళ్ళు అని రాస్తే వేస్ట్, ఎక్కడివాళ్ళ అప్లికేషన్ అయినా చూడాలని పాలసీలోనే ఉంది.

అన్నిటికంటే పనికొచ్చేది, నా సలహా ఇదే, కండిషన్ల గురించి, అంటే పర్మిషన్‌తో పాటు పెట్టే షరతుల గురించి రాయండి. అప్లికేషన్‌ని ఆపలేని చోట కూడా కండిషన్లని మార్చొచ్చు. పిచ్‌కి రెండు కారవాన్లే, అందులో స్టాటిక్ ఒకటే అని, 3.5 టన్నులు దాటిన బండి పెట్టకూడదని, తుక్కు వ్యాపారం లాంటివి సైట్ మీద చేయకూడదని, లైట్లు కిందికే పడాలని, ఉన్న హెడ్జ్ కొట్టేయకుండా కొత్తది నాటాలని. ఎత్తైన ఫెన్స్ వేయించండి, మాకు కనిపించకూడదు అని మాత్రం అడగకండి, ఎత్తైన గోడలు కట్టి అక్కడున్నవాళ్ళని దూరం పెట్టినట్టు కనిపించకూడదని పీపీటీఎస్‌లోనే రాసుంది, నాకు ఆ పాలసీ మొత్తంలో ఇష్టమైన లైను అది. ఇవి రాసి, ఈ కండిషన్లు పెడితే మాకు అభ్యంతరం లేదు అని కూడా రాయొచ్చు, సపోర్ట్, అబ్జెక్షన్ కాకుండా న్యూట్రల్ కామెంట్ అని ఆప్షన్ చాలా కౌన్సిళ్ళ సైట్లలో ఉంటుంది.

కమిటీ రాత్రి ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. ఆఫీసర్ ఇవ్వమంటాడు, గ్యాలరీ నిండా జనం, కౌన్సిలర్లు రిజెక్ట్ చేస్తారు, చప్పట్లు. అప్లికెంట్ 6 నెలల్లోపు అప్పీల్ చేస్తాడు, బ్రిస్టల్‌లోని ప్లానింగ్ ఇన్‌స్పెక్టరేట్ నుంచి ఒక ఇన్‌స్పెక్టర్ వస్తారు, హియరింగ్‌లో మొదటి ప్రశ్న, మీ 5 ఏళ్ళ సప్లై ఎంత. కౌన్సిల్ తరపు మనిషి సున్నా అంటాడు. అప్పీల్ అలో అవుతుంది, రిజెక్ట్ చేసిన కారణాలకి ఆధారం లేకపోతే ఖర్చులు కూడా కౌన్సిలే కట్టాలి, అంటే మీరూ నేనూ కట్టిన టాక్స్‌లోంచి. అన్ని అప్పీళ్ళూ ఇలాగే అవుతాయని కాదు, స్థలం నిజంగా బాగోకపోతే, వరదో, ఎక్కడో దూరంగా విసిరేసినట్టుండడమో, ఇన్‌స్పెక్టర్లు కొట్టేస్తారు, లేదా 3, 4 ఏళ్ళకి టెంపరరీ పర్మిషన్ ఇస్తారు, ఈలోగా కౌన్సిల్ లోకల్ ప్లాన్ పూర్తి చేస్తుందని.

ఇరుగుపొరుగు ఏమనుకుంటారు అన్నారు, ఆ ఇబ్బంది నాకు తెలుసండీ, ఊళ్ళో మన ఇల్లు ఒక్కటే బ్రౌన్ ఫ్యామిలీ అయినప్పుడు గ్రూపుకి ఎదురు మాట్లాడడం తేలిక కాదు. ఎదురు మాట్లాడక్కర్లేదు. నేను విడిగా రాశాను, డ్రైనేజీ గురించి రాశాను అని చెప్పండి, అది నిజమే అవుతుంది. కానీ మనవైపు నుంచి వచ్చినవాళ్ళకి ఒకటి తెలిసుండాలని నాకు గట్టిగా ఉంది. సంచార కులాల్ని పుట్టుకతోనే నేరస్తులుగా చూసిన 1871 క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది బ్రిటిష్ ప్రభుత్వమే, మన దగ్గర ఎరుకలవాళ్ళు ఆ ముద్ర ఎంత మోశారో స్టువర్టుపురం పేరు విన్న ఎవరికైనా తెలుసు. ఆ వాట్సాప్ లెటర్‌లో రెండో పాయింట్ మళ్ళీ ఒకసారి చదవండి, అదే మాట.

ఇంకొకటి, ఈ అప్లికేషన్ ఎటు తేలినా మీ కౌన్సిల్ లోకల్ ప్లాన్ కన్సల్టేషన్ ఎప్పుడో కనుక్కుని అందులో రాయండి. కొత్తగా వేల ఇళ్ళ ఎస్టేట్ కేటాయిస్తున్నప్పుడే అందులో ఒక మూల 5, 6 పిచ్‌లు, స్కూలుకి నడిచి వెళ్ళే దూరంలో, డ్రైనేజీ కనెక్షన్‌తో సహా పెట్టమనండి. అలా పెట్టిన కౌన్సిళ్ళు ఉన్నాయి. దీని మీద ఊళ్ళ నుంచి అనుకూలంగా ఒక్క లెటర్ రావడం కూడా అరుదు, కాబట్టి వచ్చినది కనిపిస్తుంది. ఊరి స్థాయిలో ఉండే పారిష్ కౌన్సిల్‌లో కూడా అడగొచ్చు. ఇదంతా ఇంగ్లండ్ సంగతండీ, వేల్స్‌లో 2014 హౌసింగ్ చట్టం కింద పిచ్‌లు సమకూర్చాల్సిన బాధ్యత కౌన్సిళ్ళ మీద ఇప్పటికీ ఉంది, అక్కడ లెక్క వేరు.

డేట్లు చెప్పి ఆపేస్తాను. నోటీస్ మీద 21 రోజులు అని ఉంటుంది, అది దాటినా డిసైడ్ అయ్యేలోపు వచ్చిన కామెంట్లు మామూలుగా చూస్తారు, కానీ దాన్ని నమ్ముకుని ఆలస్యం చేయకండి. ఇంత చిన్న సైట్‌కి 8 వారాల గడువు, చాలాసార్లు పొడిగిస్తారు. కమిటీకి వెళ్తే ఆఫీసర్ రిపోర్ట్ మీటింగ్‌కి 5 పనిరోజుల ముందు ఆన్‌లైన్‌లో పెడతారు, అందులో నీడ్, సప్లై అన్న సెక్షన్ ముందు చదవండి, ఆ తర్వాత చివర్లో ఉన్న కండిషన్ల లిస్టు. మూడు నిమిషాలు మాట్లాడే అవకాశం కావాలంటే ముందే పేరు రిజిస్టర్ చేసుకోవాలి, ఒక్కో కౌన్సిల్‌కి ఒక్కో కటాఫ్, మీదేంటో ఫోన్ చేసి కనుక్కోండి. అప్లికేషన్ డ్రాయింగ్స్‌లో బ్లాక్ ప్లాన్ (స్థలంలో ఏది ఎక్కడ వస్తుందో చూపించే డ్రాయింగ్), డ్రైనేజీ స్టేట్‌మెంట్ ఉన్నాయో లేదో చూసి ఇక్కడే చెప్తే, కండిషన్లు ఎలా అడగాలో కరెక్ట్ మాటల్లో రాసిస్తాను.